బొటనవేలి కొండమీద పుట్టినరోజు

కోనసీమవాళ్ళకు కొండలతో పరిచయం తక్కువ. గౌతమికీ, వసిష్ఠకూ, సముద్రానికీ మధ్య ఒదిగిన ఆ మూడుమూలల నేలలో మెరక అంటే కాలవగట్టే. దానికంటె ఎత్తయినది కొబ్బరిచెట్టు, ఆపైన గుడిగోపురం. మా పలివెల పిల్లలకు "కొండంత" అన్న మాట తెలుసుగాని, కొండ ఎంత వుంటుందో అన్నవరం వెళ్ళినప్పుడే తెలుస్తుంది. అటువంటి వూళ్ళో పుట్టినవాణ్ణి, అరవై యేళ్ళు నిండిన రోజున, దాదాపు అయిదువేల కిలోమీటర్ల దూరాన, హిందూ మహాసముద్రం మధ్య దీవిలో, అంతకు రెండు నెలల ముందు ముఖాలైనా తెలియని స్నేహితులతో కలిసి కొండ శిఖరంమీద కూచుని పులిహోర తిన్నాను. ఆ దీవి మారిషస్. ఆ కొండపేరు ల పూస్. ఫ్రెంచిభాషలో పూస్ అంటే బొటనవేలు.

నేను పుట్టింది 1965లో, విశ్వావసు నామ సంవత్సర వైశాఖంలో. అరవై సంవత్సరాల చక్రం తిరిగి 2025లో మళ్ళీ విశ్వావసు వచ్చింది. షష్టిపూర్తి మా కొప్పేశ్వరస్వామి గుళ్ళోనే చేసుకోవాలని మా ఆవిడ పదేళ్ళుగా అనుకుంటోంది. కాని అదే సమయానికి మారిషస్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయికి కొడుకు పుట్టాడు. కోడలికి పురుడు, మా ఆవిడకు చాకిరీ, నాకు షికారు - ఇలా పంపకాలు జరిగిపోయాయి. "హోమం వూరికి వెళ్ళాక చేసుకుందాం లెండి, స్వామి ఎక్కడికీ పోడు" అన్నది మా ఆవిడ. స్వామి ఎక్కడికీ పోడుగాని, మనుషులు ఎక్కడెక్కడికి పోయారో ఆ రెండు నెలల్లోనే నాకు తెలిసింది.

కోరంగివాళ్ళు

మేము అక్కడికి వెళ్ళిన కొద్దిరోజులకే ఉగాది వచ్చింది. మారిషస్‌లో ఉగాదికి ప్రభుత్వ సెలవు! ఆ సంగతి విని నేను కాస్త గర్వపడ్డాను. ఆ సాయంత్రం మా అబ్బాయి తెలుగువాళ్ళ సభకు తీసుకువెళ్ళాడు. పంచెలూ చీరెలూ కట్టుకున్నవాళ్ళు దీపం చుట్టూ తిరుగుతూ రామభజన చేస్తున్నారు. తాళాలు మోగుతున్నాయి. మాటలు చూస్తే తెలుగు. నడక మాత్రం మరెక్కడిదో. పక్కనున్నావిడ చేతిలోని పుస్తకంలోకి తొంగిచూశాను. తెలుగు పాటలన్నీ ఇంగ్లీషు అక్షరాలలో రాసి వున్నాయి. తాతలనాటినుంచి పాట నోటికి వచ్చింది, లిపి రాలేదు. అర్థం కొందరికి వచ్చింది, కొందరికి రాలేదు. భక్తికి మాత్రం లోటు లేదు.

మారిషస్‌కు ఒప్పంద కూలీలు రావటం 1834 నవంబరులో మొదలయింది. చెరకుతోటల్లో బానిసల విముక్తి జరుగుతున్న కాలం అది. తోటల యజమానులకు చవకగా పనివాళ్ళు కావలసివచ్చారు. అయిదేళ్ళ ఒప్పందం, నెలకు అయిదు రూపాయల జీతం, తిండిగింజలు - ఇదీ బేరం. 1834కూ 1920కీ మధ్య దాదాపు అయిదు లక్షలమంది ఆ దీవి రేవులో దిగారని లెక్క. అందరిలో ఎక్కువమంది భోజపురి ప్రాంతంవాళ్ళు. తరవాత తమిళులు, తెలుగువాళ్ళు, మరాఠీలు.

మనవాళ్ళకు అక్కడ పడిన పేరు "కోరంగీలు". మన కోరంగే! గౌతమి సముద్రంలో కలిసేచోటికి దగ్గరగా, యానానికీ కాకినాడకూ మధ్య, ఇప్పుడు మడ అడవులు చూడటానికి జనం వెళ్ళే కోరంగి, ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. రంగూనులో కూడా తెలుగువాళ్ళను ఈ పేరుతోనే పిలిచేవారు. మొదట్లో ఆ రేవునుంచి ఓడ ఎక్కినవారున్నారు. తరవాత మద్రాసునుంచి ఎక్కినవారున్నారు. ఎక్కడ ఎక్కినా పేరు మాత్రం కోరంగీలే.

ఎందుకు వెళ్ళారు అని అడిగితే గోదావరి కథ కొంచెం చెప్పుకోవాలి. ఈనాడు కోనసీమ అంటే పచ్చదనం, కాలవ, కొబ్బరి. కాని ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. అంతకుముందు నీరు వస్తే వరద, రాకపోతే కరువు. 1832-33లో నందన కరువు వచ్చి వూళ్ళకు వూళ్ళను ఖాళీ చేసింది. 1839లో తుపానుకు సముద్రం పొంగి కోరంగిని ముంచేసింది. కాలవలు వచ్చాక కూడా సొంత చెక్క లేనివాడికి కడుపు వెంటనే నిండలేదు. మేస్త్రీ వచ్చి అయిదు రూపాయల మాట చెబితే, ఆ మాట నమ్మి నీళ్ళమీదికి వెళ్ళిపోయారు.

వెళ్ళినవారు సింహాద్రి అప్పన్ననూ, అమ్మోరునూ వెంట తీసుకువెళ్ళారు. ఇప్పటికీ అక్కడ అప్పన్న పూజ చేస్తారు. అమ్మోరు పండుగ చేస్తారు. వాళ్ళ ఇంటిపేర్లు వింటే నవ్వూ వస్తుంది, కళ్ళూ చెమరుస్తాయి. మన అప్పన్న అక్కడ "అప్పానా" అయ్యాడు. సన్యాసి "సనాసీ" అయ్యాడు. పేరు అడిగి రాసుకున్న గుమాస్తా చెవికి ఎలా వినబడితే అదే వంశానికి ఇంటిపేరైపోయింది. నతాషా అప్పానా అనే ఆవిడ ఫ్రెంచిలో నవలలు రాసి పేరు తెచ్చుకుంది. ఆవిడ పూర్వులూ తెలుగువారే.

భజనలో నా పక్కన కూచున్నావిడే నాకు అక్కడ మొదటి స్నేహితురాలు. బడిపంతులమ్మగా పనిచేసి రిటైరయింది. నాకంటె నాలుగేళ్ళు పెద్దది గనుక "అక్కగారూ" అన్నాను. ఆ మాట ఆవిడకు తెలుసు. వెంటనే "తమ్ముడూ" అని బదులిచ్చింది. అది అక్షరాలా తెలుగు తమ్ముడే. అంతటితో ఆవిడ తెలుగు సగం అయిపోయింది. తక్కిన సగం బళ్ళో తెలుగు చెప్పే ఒక అమ్మాయి అందించేది. ఆ అమ్మాయీ, అక్కగారి మేనల్లుడూ, అతని స్నేహితుడైన ఒక క్రియోల్ డ్రైవరూ కలిసి ఆదివారాలు కొండలెక్కుతారట. చిన్నవాళ్ళంతా నన్ను "తోంతోం" అనేవారు. అంటే బాబాయి, మామయ్య, అన్నీను.

మే నెలలో నా పుట్టినరోజు ఆదివారం వచ్చిందని మా అబ్బాయి నోరు జారాడు. "అయితే కొండమీదే" అని తీర్పు చెప్పింది అక్కగారు.

చెరకుతోటలోంచి దారి

ల పూస్ ఎత్తు 812 మీటర్లు. దీవిలోకెల్లా ఎత్తయిన శిఖరం 828 మీటర్లు మాత్రమే గనుక, అక్కడి లెక్కలో ఇది పెద్దకొండే. దూరంనుంచి చూస్తే పిడికిలి బిగించి బొటనవేలు పైకెత్తినట్టుంటుంది. మోకా వైపునుంచి ఎక్కటం తేలిక. నిదానంగా నడిచినా రెండుగంటలకు లోపలే శిఖరం చేరవచ్చు.

మా అబ్బాయి మమ్మల్ని తెల్లవారి ఏడింటికి కొండకింద దింపాడు. మా ఆవిడ మోకాళ్ళు ఒప్పుకోవు గనుక పులిహోర డబ్బా ఇచ్చి సాగనంపింది. "అరవయ్యో యేట కొండెక్కి కాలు విరగ్గొట్టుకున్నారంటే నేను మాత్రం మొయ్యను" అని ఆశీర్వదించింది.

మే నెలంటే మనకు రోళ్ళు పగిలే ఎండ. భూమధ్యరేఖకు అవతల అది చలికాలానికి ముందుమాట. పొద్దున్నే సన్నగా చలి, మంచుతెరలాంటి మబ్బు. దారి మొదట చెరకుతోటల్లోంచి పోతుంది. తోటల మధ్య అక్కడక్కడ నల్లరాళ్ళ గుట్టలు కనిపించాయి - ఇల్లంత ఎత్తువి కొన్ని, రెండు మూడు ఇళ్ళంత పొడవైనవి కొన్ని. పాతకోట శిథిలాలేమో అనుకున్నాను.

"కోట కాదు తోంతోం" అన్నాడు మేనల్లుడు. "ఈ దీవి అగ్నిపర్వతంనుంచి పుట్టింది. నేలనిండా రాళ్ళే. చెరకు వెయ్యాలంటే రాళ్ళు ఏరాలి. ఏరి ఏరి ఇలా పోశారు."

ఎవరు ఏరారని నేను అడగలేదు. ఒక్కొక్క గుట్టలో ఎన్ని వేల రాళ్ళో, ఒక్కొక్క రాయికి ఎన్ని నడుములు వంగాయో! మా వూళ్ళో పొలం దున్నితే నాగలికి రాయి తగలదు. ఏటి ఒండ్రు అది. అటువంటి మెత్తటి నేలమీద పుట్టిన కాళ్ళు ఈ నల్లరాళ్ళమీద ఎలా నడిచాయో అనుకుంటూ నడిచాను.

చెరకు దాటాక చెట్లు, పొదలు. దారి ఎర్రమట్టి. రాత్రి జల్లు పడిందేమో, జారుతోంది. దారి పక్కన గోలీలంత ఎర్రపళ్ళు. చైనా జామట. పులుపూ తీపీ కలిసిన రుచి. తెలుగు చెప్పే అమ్మాయి కొంగు లేక టోపీలో ఏరింది. కొమ్మలమీద కోతులు మాతో పోటీపడ్డాయి. డోడోపక్షి కనబడుతుందా అని అడిగాను, తమాషాకి. 17వ శతాబ్దంలోనే అంతరించింది పాపం; ఇప్పుడు పోర్ట్ లూయీ మ్యూజియంలో ఎముకలగూడై నిలబడింది.

గంట నడిచాక కొండ భుజంమీదికి వచ్చాం. అక్కడ గాలి మొదలయింది. ఎదురుగా పీటర్ బోత్ అనే మరో కొండ. 820 మీటర్ల ఆ కొండ కొసన మనిషి తలకాయలాంటి గుండు నిలిచివుంది. ఇప్పుడు పడుతుందా, ఇంకాసేపటికి పడుతుందా అన్నట్టు. 1615లో ఆ తీరాన ఓడ మునిగి చనిపోయిన డచ్చి అధికారి పేరు ఆ కొండకు పెట్టారు. జనం మాత్రం వేరే కథ చెబుతారు. ఒక పాలవాడు కొండమీద గంధర్వస్త్రీలు ఆడుతూవుంటే చూశాడట. చూసింది ఎవరికీ చెప్పవద్దన్నారు వాళ్ళు. ఇతను నోరాగక వూరంతా చెప్పాడు. మళ్ళీ కొండెక్కితే రాయైపోయాడు. ఆ గుండు అతని తలకాయే.

దీనికి బదులుగా నేను మా పలివెల కథ చెప్పాను. మా స్వామికి ప్రసాదంగా ఇవ్వవలసిన పూలదండను పూజారి తాను మనసుపడిన వేశ్య కొప్పులో ముడిచాడు. తరవాత ఆ దండే రాజుగారికి అందింది. దండలో పొడుగాటి వెంట్రుక! ఇదేమిటని రాజు అడిగితే, ప్రాణభయంతో పూజారి "మా స్వామికి కొప్పు వుంది ప్రభూ" అనేశాడు. చూపించమన్నాడు రాజు. తలుపు తీసేసరికి లింగానికి నిజంగా కొప్పు వుంది. అందుకే ఆయన కొప్పేశ్వరుడు, కొప్పులింగేశ్వరుడు.

తెలుగు అమ్మాయి క్రియోల్‌లో చెప్పేసరికి డ్రైవరు పగలబడి నవ్వాడు. "మీ దేవుడు అబద్ధమాడినవాణ్ణి కాపాడాడు. మా కొండ నిజం చెప్పినవాణ్ణి రాయి చేసింది. నేను మీ వూళ్ళోనే వుంటాను" అన్నాడు.

శిఖరం మీద

చివరి మెట్టు నిజంగా బొటనవేలే. చేతులు కూడా వాడి పాకాలి. డ్రైవరు పైనుంచి చెయ్యందించాడు, మేనల్లుడు కిందనుంచి తోశాడు. అక్కగారు మాత్రం ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కేసి, పైన కూచుని నన్ను చూసి నవ్వుతోంది.

పైకి చేరాక మాట రాలేదు. ఒకవైపు లోపలి పీఠభూమి, చెరకు పచ్చదనం. మరోవైపు కిందికి దూకినట్టు లోయ. అక్కడ పోర్ట్ లూయీ నగరం, 1812లో ప్రారంభించిన గుర్రప్పందాల మైదానం, దానికవతల రేవు, రేవు తరవాత అంతూదరీ లేని నీలం. 1836 మే నెలలోనే చార్లెస్ డార్విన్ ఈ కొండ ఎక్కాడు. అప్పటికి ఒప్పంద కూలీలు రావటం మొదలై రెండేళ్ళు కూడా కాలేదు.

పుట్టినరోజుకు "గాతో" తెచ్చామన్నాడు మేనల్లుడు. గాతో అంటే కేకు అని నాకూ తెలుసు. మూత తీస్తే లోపల పప్పువడలు! పప్పు రుబ్బి, పచ్చిమిరపకాయలు, ఉల్లికాడలు వేసి వేయించినవి. వాటిపేరు గాతో పిమాం, మిరపకాయ కేకు. మనవాళ్ళ మూకుట్లోంచి వచ్చిన వడ ఫ్రెంచిపేరు పెట్టుకుని తిరుగుతోంది. చిలగడదుంపతో చేసిన తీపి గాతో కూడా వుంది. పప్పుపూరీలున్నాయి. మా ఆవిడ పులిహోర డబ్బా అన్నిటికంటె ముందు ఖాళీ అయింది. కొవ్వొత్తి గాలికి నిలవలేదు. అక్కగారు సంచిలోంచి కుంకుమ తీసి నా నుదుట పెట్టింది. నలుగురూ క్రియోల్ పాట ఒకటి పాడి, ఆ వెంటనే రామభజన అందుకున్నారు. నేనూ తాళం వేశాను.

పాట అయ్యాక అక్కగారు ఒక కాగితం తీసింది. ప్లాస్టిక్ సంచిలో, మడతలు పోకుండా దాచిన కాగితం.

మోకాలో మహాత్మాగాంధీ సంస్థ వుంది. 1970లో స్థాపించారు. వలస వచ్చినవారి పాతరికార్డులు అక్కడే భద్రపరిచారు. మనిషికో నంబరు, పేరు, తండ్రిపేరు, వయసు, ఎత్తు, జిల్లా, గ్రామం - ఇలా రాసుకున్నారు. వంశస్థులు వెళ్ళి అడిగితే నకలు ఇస్తారు. అక్కగారి ముత్తాత 1858లో వచ్చాడు. ఫోటోలు తీసి అంటించటం ఆ తరవాతి దశాబ్దంలోగాని రాలేదు గనుక ముఖం లేదు. మా వూళ్ళో వీధికిద్దరికి వుండే పేరే అతనిది. జిల్లా రాజమండ్రి. 1859 వరకు మన జిల్లాకు అదే పేరు. గ్రామం దగ్గర సిరా పాకిపోయింది. మొదట ఇంగ్లీషు అక్షరాలు "పల" అని చదవవచ్చు. చివర "ల" కావచ్చు, "మ" కావచ్చు. మధ్యన ఏముందో ఆ గుమాస్తాకే తెలియాలి.

"తమ్ముడూ" అన్నది అక్కగారు, ఈసారి అమ్మాయి సాయం లేకుండా, ముందే నేర్చుకుని వచ్చిన వాక్యంలాగా. "ఇది మీ వూరేనా?"

నాకు అప్పుడు అర్థమయింది. ఉగాదినాడు నేను పలివెల అన్నప్పుడు ఆవిడ ఆ పేరు నాచేత మూడుసార్లు ఎందుకు చెప్పించిందో, రెండు నెలలుగా ఆ వూరి కాలవ సంగతీ, గుడి సంగతీ ఎందుకు అడుగుతోందో. నలుగురూ నా ముఖంలోకి చూస్తున్నారు. కింద రేవులో, ఇప్పుడు ఆప్రవాసీ ఘాట్ అంటున్న చోట, ఆ ముత్తాత ఎక్కిన రాతిమెట్లున్నాయి. 2006లో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. వెనకటి పేరు కూలీ ఘాట్.

"అవును, మా వూరే" అంటే ఏం పోయింది? ఒక్క మాట. ఆవిడ బతుకంతా వెతికిన వూరు దొరుకుతుంది. మా కొప్పేశ్వరుడు అబద్ధమాడినవాడి కోసం కొప్పు పెంచుకున్న దేవుడు. నన్ను మాత్రం కాపాడడా? కాని ఆ పూజారి ఆడిన అబద్ధం తన తల కాపాడుకోవటానికి. నేనాడబోయేది మరొకరి పుట్టుకను గురించి. రేపు ఆవిడ మనవలు దాన్ని నిజమని రాసుకుంటారు. మసిబారిన అక్షరం నూటయాభయ్యేళ్ళు నిజాయితీగా మసిగానే వుంది; దానిమీద నా సిరా పొయ్యటానికి నేనెవర్ని?

"కావచ్చు అక్కగారూ" అన్నాను. "పలివెల కావచ్చు. పాలగుమ్మి కావచ్చు. పల్లం కావచ్చు. పల్లిపాలెం కావచ్చు. ఇంకా వుండవచ్చు. మా వూరేనని మాత్రం చెప్పలేను."

అమ్మాయి ఆ మాటలు మెల్లగా చెప్పింది. అక్కగారు కాగితం కేసి చూసింది. తరవాత నాలుగు పేర్లూ మళ్ళీ చెప్పమని, కాగితం వెనకవైపు ఫ్రెంచి అక్షరాలలో రాసుకుంది. ఆవిడ అన్నది అమ్మాయి నాకు తెలుగు చేసింది: "ఇన్నాళ్ళూ ఎవరినడిగినా తెలియదనేవారు. నువ్వు నాలుగు వూళ్ళిచ్చావు. ఏదో ఒకటి నాదే కదా. ఏదో తెలిసేదాకా నాలుగూ నావే."

దిగేటప్పుడు మబ్బు కమ్ముకుంది. దారి పొడుగునా ఆవిడ ఆ నాలుగు పేర్లు భజనపాటలాగా అనుకుంటూనే దిగింది. పల్లం అన్నచోట "ళ"కారం దొర్లితే నేను సరిచేశాను. నా మోకాళ్ళు మర్నాడు మూడురోజులు పగ తీర్చుకున్నాయి. మా ఆవిడ కొబ్బరినూనె కాచి రాస్తూ, చెప్పవలసినవన్నీ చెప్పింది.

అర్చన

జులైలో పలివెల వచ్చాం. హోమం జరిగింది, చుట్టాలు వచ్చారు, భోజనాలయ్యాయి. అదంతా రాయను, షష్టిపూర్తి భోజనం ఎవరింట్లోనైనా ఒకటే. చెప్పవలసింది మరొకటుంది. మా పేర్లమీద అర్చన అయ్యాక, అక్కగారి ముత్తాత పేరూ, ఆవిడ పేరూ చెప్పాను. "గోత్రం?" అన్నారు పూజారిగారు. "తెలియదండీ, 1858లో ఓడ ఎక్కారు" అన్నాను. ఆయన ఒక్కక్షణం ఆగి, "తెలియనివారందరికీ కాశ్యప గోత్రం వుందిగా" అని మంత్రం అందుకున్నారు.

ఆ విభూతి పొట్లం కట్టి, మారిషస్‌కు ప్రయాణమవుతున్నవారి చేతికిచ్చి పంపాను. కొన్నాళ్ళకు అక్కగారు ఫోనుచేసింది. కార్తీకమాసంలో మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని వస్తుందట. నాలుగు వూళ్ళూ చూస్తుందట. ఏ వూళ్ళో ఎన్నిరోజులుండాలి, ఏ వూరికి ఏ బస్సు ఎక్కాలి అని వరసగా అడిగింది. నేను కాగితం తీసి రాయటం మొదలుపెట్టాను. రావులపాలెంలో దిగితే కొత్తపేట మీదుగా ముందు పలివెల తగులుతుంది. ఆ తరవాత అమలాపురం చేరి పాలగుమ్మి. అక్కడినుంచి సముద్రంవైపు పల్లం. పల్లిపాలేలు మాత్రం ఒకటికంటె ఎక్కువున్నాయి.

"అయితే నాలుగు కాదన్నమాట" అన్నది అక్కగారు. సంతోషమే వినిపించింది గొంతులో.